ప్లాస్టిక్ ముక్కలతో క్రాస్‌బో: మీట ముందు, విల్లు తర్వాత

ముక్కల డబ్బా ముందేసి క్రాస్‌బో (కాడకు అడ్డంగా బిగించి, మీట లాగితే బాణం వదిలే విల్లు) కట్టమంటే చాలామంది రెక్కలతోనే, అంటే విల్లు భాగంతోనే మొదలుపెడతారు. రబ్బరు తగిలించి, గుంజి చూసి, సంబరపడతారు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. గుంజిన రబ్బరును వేలు తీసేశాక పట్టుకునేది ఏది? మనం కోరినప్పుడే, కోరినంత మెత్తగా వదిలేది ఏది? దానికి జవాబు దొరక్క ఆ బొమ్మ చివరికి గులేరు అవుతుంది. కాబట్టి ఇక్కడ వరుస తిరగేస్తున్నాను. ముందు కాడ, దాని మీద మీట, అది నమ్మకంగా పట్టి వదులుతోందని తేలాకే రెక్కలు.

ఎండాకాలం సెలవుల్లో నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా పొద్దున పదకొండు దాటితే పిల్లల్ని బయటికి పంపే పరిస్థితి ఉండదు. ఆ మధ్యాహ్నాలకు ఇది తగిన పని. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు పెద్దల పక్కన కూర్చుని కట్టగలరు. మూడేళ్లలోపు పిల్లలు ఇంట్లో ఉంటే మంచం మీద కాకుండా బల్ల మీద కట్టండి. ఈ చిన్న ముక్కలు నేరుగా నోట్లోకి పోతాయి.

ఏ ముక్కలు కావాలి

నేను చెప్పేది లెగో టెక్నిక్ కొలతల గురించి. 1977లో మొదలైన ఆ వరసలో పక్కపక్క రంధ్రాల మధ్య దూరం 8 మి.మీ. మన బొమ్మల దుకాణాల్లో, హైదరాబాద్ బేగంబజార్ నుంచి వచ్చే సరుకులో దొరికే చవక సెట్లు కూడా చాలావరకు ఇదే కొలత పాటిస్తాయి. కొనేముందు డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి. గుండ్రటి పుల్లలు, పువ్వుల్లాంటి కీళ్లు ఉండే కె'నెక్స్ రకం సెట్టు మీ దగ్గరుంటే ఈ లెక్కలు దానికి పనికిరావు. సూత్రం మాత్రం అదే.

పేర్లు ముందే అనుకుందాం. వరసగా రంధ్రాలున్న కడ్డీ పట్టీ. ప్లస్ ఆకారంలో కోత ఉన్న పుల్ల ఇరుసు. ఇరుసు మీద బిగుసుకునే ఉంగరం బుష్, అందులో సగం మందం ఉన్నది సగం బుష్. రెండు పట్టీలను కలిపేది పిన్ను. ఇరుసు పొడవు తెలియాలంటే దాన్ని పట్టీ పక్కన పెట్టి, ఎన్ని రంధ్రాల మేర ఉందో లెక్కపెట్టండి. 5 రంధ్రాల మేర ఉంటే అది 5 ఇరుసు.

15 రంధ్రాల పట్టీలు రెండు, 5 రంధ్రాల పట్టీ ఒకటి తీసుకోండి. ఎల్ ఆకారపు పట్టీలు ఐదు కావాలి. వీటికి పొడుగు కాలు 5 రంధ్రాలు, పొట్టి కాలు 3 రంధ్రాలు, మూల రంధ్రం రెంటికీ ఉమ్మడి. 12 ఇరుసులు రెండు, 7 ఇరుసు ఒకటి, 5 ఇరుసులు మూడు, 3 ఇరుసులు రెండు. బుష్‌లు తొమ్మిది, సగం బుష్‌లు పన్నెండు, పిన్నులు నాలుగు. సగం బుష్‌లు చవక సెట్లలో తక్కువే ఉంటాయి. అవి చాలకపోతే ఇరుసు మీద దారం బిగించి నాలుగైదు చుట్లు చుట్టినా పని జరుగుతుంది.

పిన్నుల్లో రెండు రకాలుంటాయి. ఒకటి రంధ్రంలో బిగుతుగా తిరుగుతుంది, ఇంకొకటి వదులుగా. రంగును నమ్మకండి, పెట్టి తిప్పి చూడండి. మనకు బిగుతువే కావాలి.

ఇవి కాక సన్నటి చిన్న రబ్బరు బ్యాండ్లు నాలుగైదు, పతంగి ఎగరేసే నూలు దారం కొంచెం. మాంజా వద్దు, టంగూసు అసలే వద్దు. మాంజా వేళ్లు కోస్తుంది, టంగూసు ముడి నిలవదు.

శక్తి ఎక్కడ దాగుతుంది

నల్లమలలో, అమ్రాబాద్ వైపు చెంచుల చేతిలో ఉండే విల్లులో బద్దే వంగుతుంది. గుంజినప్పుడు మనం పెట్టిన బలం ఆ వంపులో నిలవై, వదిలినప్పుడు బాణానికి అందుతుంది. మన ప్లాస్టిక్ పట్టీ అలా వంగదు. వంచితే విరుగుతుంది, లేదా రంధ్రం దగ్గర తెల్లబడి ఎప్పటికీ వంకరగా ఉండిపోతుంది. అందుకే ఈ బొమ్మలో రెక్కలు కదలని గుంజలు మాత్రమే, శక్తంతా రబ్బరులో. ఇది తెలిసిన వాళ్లు రెక్కలు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదంటారు. తెలియని వాళ్లు వంగే రెక్కల కోసం వెతుకుతూ సెట్టు పాడుచేసుకుంటారు.

కాడ

15 రంధ్రాల పట్టీలు రెంటినీ నిలువు అంచు మీద, రంధ్రాలు పక్కలకు చూసేలా, సమాంతరంగా పెట్టండి. మధ్యలో సరిగ్గా ఒక పట్టీ మందం ఖాళీ ఉండాలి. ఈ ఖాళీయే బాణానికి గాడి, మీటకు ఇల్లు. ముందు చివర నుంచి రంధ్రాలకు 1 నుంచి 15 వరకు అంకెలు అనుకోండి. ఇక మీదట అన్నీ ఆ లెక్కలోనే.

7వ రంధ్రంలో 5 ఇరుసు దూర్చి, బయట రెండు వైపులా ఒక్కో బుష్ బిగించండి. గాడిలో ఇరుసు మీద ఏమీ ఎక్కించకూడదు, బాణం దాని మీదే ఆనుతుంది.

ఇప్పుడు రెండు ఎల్ పట్టీలు తీసుకుని కాడకు బయటివైపు, ఒక్కో పక్క ఒకటి పెట్టండి. పొట్టి కాలు కాడ వెంట 13, 14, 15 రంధ్రాల మీద ఉండాలి. మూల 13 మీద ఉండి, పొడుగు కాలు కిందికి వేలాడాలి. 13, 14ల్లో ఒక్కో పిన్ను, రెండు పక్కలా కలిపి నాలుగు. పిన్ను లోపలికి పొడుచుకొచ్చి గాడిలో అడ్డం పడకుండా చూడండి. 15లో మాత్రం 7 ఇరుసు అడ్డంగా పోతుంది. బుష్, ఎల్ పట్టీ, కాడ, గాడిలో బుష్, కాడ, ఎల్ పట్టీ, బుష్, ఇదీ వరస. లెక్క సరిగ్గా ఏడుకు సరిపోతుంది. గాడి వెడల్పును పట్టి ఉంచేది ఈ వెనక బుషే.

మీట: అసలు పని

చైనాలో షియాన్ దగ్గర 1974లో బయటపడిన మట్టి సైన్యం గుంతల్లో క్రాస్‌బోలు కూడా ఉన్నాయి. రెండువేల ఏళ్లకు పైగా మట్టిలో ఉండి చెక్క కుళ్లిపోయింది, కంచు మీటలు మిగిలాయి. ఆ రోజుల్లోనే ఈ ఆయుధంలో ఖరీదైన లోహం వాడింది మీటకు! అక్కడ కంచుతో చేసిన పనిని మనం రెండు ప్లాస్టిక్ ముక్కలతో చేయాలి. ఒకటి నారిని పట్టే కొక్కెం. రెండోది కొక్కేన్ని కదలనీయకుండా వెనక నుంచి అడ్డుపడే మీట.

కొక్కెం అంటే 5 రంధ్రాల పట్టీ. దాన్ని గాడిలో నిలువుగా దించి, దాని రెండో రంధ్రాన్ని కాడ 10వ రంధ్రంతో కలిపి 5 ఇరుసు దూర్చండి. బయట రెండు వైపులా బుష్‌లు. ఇప్పుడు కొక్కెం పైకొమ్ము కాడ మీద దాదాపు 8 మి.మీ. లేచి కనిపిస్తుంది, మిగతా మూడు రంధ్రాల పొడవు కాడ కిందికి వేలాడుతుంది. అది తేలిగ్గా, ఎక్కడా రాసుకోకుండా ఊగాలి. పట్టేస్తే బయటి బుష్‌లను గోరంత వదులు చేయండి.

మీట అంటే ఇంకో ఎల్ పట్టీ. దాని మూల రంధ్రం, ఇందాక వేలాడదీసిన ఎల్ పట్టీల నాలుగో రంధ్రానికి ఎదురుగా రావాలి. కాడలోని రంధ్రాన్నే ఒకటిగా లెక్కపెట్టి కిందికి నాలుగోది. 5 ఇరుసు మీద వరస ఇలా: ఎల్ పట్టీ, బుష్, మీట, బుష్, ఎల్ పట్టీ. మీట పొట్టి కాలు ముందుకు చూడాలి, పొడుగు కాలు కిందికి. మీరు వేలితో లాగేది ఆ పొడుగు కాలినే.

ఇప్పుడు పక్క నుంచి చూడండి. మీట పొట్టి కాలి కొన వచ్చి కొక్కెం అడుగు కొనకు వెనకవైపు ఆనుతుంది. నారి పైకొమ్మును ముందుకు నెడితే అడుగు కొన వెనక్కి పోవాలని చూస్తుంది, మీట అడ్డుపడుతుంది. మీట కాలిని వెనక్కి లాగితే పొట్టి కాలి కొన కిందికి దిగుతుంది, అడ్డు తొలుగుతుంది, కొక్కెం గిర్రున తిరుగుతుంది, పైకొమ్ము గాడిలోకి పడుకుంటుంది, నారి వెళ్లిపోతుంది.

నారి తాకేది కొక్కెం ఇరుసుకు సుమారు 6 మి.మీ. పైన. మీట ఆనేది 24 మి.మీ. కింద. అంటే రబ్బరు ఎంత బలంగా గుంజినా మీట మీద పడేది అందులో నాలుగో వంతే. చిటికెన వేలితో లాగినా వదిలేంత మెత్తగా ఉండటానికి కారణం ఇదే. కొక్కేనికి 3 రంధ్రాల పట్టీ వాడితే ఈ లాభం పోతుంది, మీట మొరాయిస్తుంది.

మీట దానంతట అది మొదటి చోటికి రావాలి కదా. ఒక సన్న రబ్బరును మీట పొడుగు కాలి చివరి నుంచి రెండో రంధ్రం దగ్గర చుట్టి, రెండు కొసల్నీ ముందుకు తెచ్చి 7వ రంధ్రం ఇరుసు రెండు చివర్లకు, కాడకు అటొకటి ఇటొకటి తగిలించండి. ఇది మీట కాలిని ముందుకు గుంజుతుంది. మరీ ముందుకు పోకుండా అదే రంధ్రం నుంచి వెనక 15వ రంధ్రం ఇరుసుకు ఒక నూలు దారం కట్టండి.

ఈ దారం పొడవు దగ్గర తొందరపడొద్దు. బొమ్మ పనిచేస్తుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. దారం బిగుతుగా ఉన్నప్పుడు మీట పొట్టి కాలు కాడకు సమాంతరంగా ఉండి, దాని కొన వెంట్రుకవాసి పైకి లేచి ఉండాలి. అప్పుడు రబ్బరు ఎంత గుంజితే మీట అంత బిగుసుకుంటుంది. అదే కొన కొంచెం కిందికి చూస్తుంటే, రబ్బరు నెట్టే బలమే దాన్ని ఇంకా కిందికి జార్చి, మనం ముట్టకుండానే బాణాన్ని వదిలేస్తుంది. మరీ పైకి లేచినా బాగుండదు, కొక్కెం ముందుకు వాలి నారి కొమ్ము మీద నుంచి జారిపోతుంది. ముడి ముందే బిగించేయకండి. జారుముడి వేసి సరిచూసుకున్నాకే బిగించండి.

రెక్కలు కట్టకముందే పరీక్షించండి. మీటను కాస్త లాగి, కొక్కేన్ని నిలబెట్టి, మీట వదలండి. టిక్కుమని పట్టాలి. బొటనవేలితో పైకొమ్మును ముందుకు గట్టిగా నెట్టండి. కదలకూడదు. నెడుతూనే మీట లాగండి. ఒక్కసారిగా పడిపోవాలి. మీ ఇంటి పిల్లలు ఈ టిక్కు చప్పుడుతోనే గంటసేపు ఆడుకుంటే అడ్డుపడకండి. దాంతో మీట కూడా నునుపు తేరుతుంది.

రెక్కలు

ఇది చకచకా అయ్యే పని. 1, 3 రంధ్రాల్లో 12 ఇరుసులు అడ్డంగా దూర్చి, రెండు వైపులా సమానంగా బయటికి ఉంచండి. కాడకు ఆనించి ఒక్కో పక్క ఒక్కో సగం బుష్. చివర్లలో ఎల్ పట్టీ వస్తుంది. దాని పొడుగు కాలి చివరి రంధ్రం 3వ రంధ్రం ఇరుసు మీద, మధ్య రంధ్రం 1వ రంధ్రం ఇరుసు మీద. మూల కాడకంటే ముందుకు పొడుచుకొచ్చి, పొట్టి కాలు అక్కడి నుంచి పైకి లేవాలి. ఎల్ పట్టీకి లోపల ఒక సగం బుష్, బయట ఒక సగం బుష్ పెట్టి బిగించండి. కాడ పక్కకూ ఎల్ పట్టీకీ మధ్య మూడు రంధ్రాల మేర దూరం రెండు పక్కలా ఒకేలా ఉండాలి. ఒక పక్క తేడా వస్తే బాణం ఎప్పుడూ ఆ పక్కకే పోతుంది.

గుంజలు పైకి ఎందుకు లేవాలంటే, నారి కాడను రాసుకోకుండా దాని మీదుగా పోవాలి. రాసుకుంటే సగం బలం అక్కడే ఖర్చయిపోతుంది.

నారి

రెండు రబ్బర్ల మధ్య నూలు దారాన్ని నాలుగు పేటలు చేసి కట్టండి. రబ్బర్లు గుంజకుండా, దారంతో కలిపి పొడవు 8 నుంచి 9 సెం.మీ. మధ్య రావాలి. రెక్కల మధ్య దూరం కూడా సుమారు అంతే. రబ్బరు చివరను ఎల్ పట్టీ పొట్టి కాలి మధ్య రంధ్రంలోంచి బయటికి లాగి, ఆ కొసలో 3 ఇరుసును గుండీలా అడ్డం పెట్టండి. ఎంత గుంజినా లోపలికి జారదు, మార్చాలంటే క్షణంలో వస్తుంది.

మధ్యలో రబ్బరు బదులు దారం ఎందుకు? రబ్బరు కొక్కేనికి అతుక్కుని, కొమ్ము మీద నుంచి ఆలస్యంగా జారుతుంది. దారం నునుపుగా జారుతుంది. పైగా పదేపదే రాసుకుపోయేది ఆ మధ్య భాగమే, దారం తెగితే రూపాయి ఖర్చు కూడా కాదు.

కొక్కెం దాకా గుంజినప్పుడు నారి వెనక్కి సుమారు 9 సెం.మీ. వస్తుంది, రబ్బరు తన పొడవుకు మూడు రెట్లు దాటి సాగుతుంది. మంచి రబ్బరుకు అది పెద్ద పని కాదు. బ్యాండును కొంచెం గుంజి చూడండి. పగుళ్లు కనిపిస్తే అవతల పారేయండి.

బాణం

ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జూలై 1 నుంచి నిషేధం. కాగితపు స్ట్రాలు దొరుకుతాయి. మనకు అవే మేలు. 6 మి.మీ. లావున్న స్ట్రాను 10 సెం.మీ. కోయండి. వెనక చివర టేపుతో మూసేయండి. ముందు చివర దూది ఉండ పెట్టి, దాని మీద మెత్తటి స్పాంజి ముక్క చుట్టి టేపు వేయండి. బరువు ముందు వైపు ఉంటేనే బాణం తిన్నగా పోతుంది, ఈకలు అక్కర్లేదు. పిన్నీసు, అగ్గిపుల్ల, టూత్‌పిక్, సూది ఏవీ వద్దు. కాగితం, దూది, స్పాంజి మాత్రమే. ఈ మాట మీద బేరం లేదు.

కొక్కెం పైకి నిలిపి, రెండు చేతుల చూపుడువేళ్లతో నారిని రెండు పక్కలా సమానంగా గుంజి, పైకొమ్ము మీదుగా దాటించి దాని వెనక దించండి. ఆ తర్వాతే బాణాన్ని గాడిలో, దాని వెనక చివర 8వ రంధ్రం దగ్గర ఉండేలా పెట్టండి. కొక్కేనికి ఆనించి పెడితే, పడిపోయే కొమ్ము బాణాన్ని ఎగరగొడుతుంది. ఆ ఎడం అందుకే. ఎడమచేత్తో కాడ ముందు భాగం కింది నుంచి పట్టుకుని, కుడి బొటనవేలు కాడ వెనక చివర ఆనించి, చూపుడువేలితో మీట లాగండి.

నారి ఎక్కించాక ముందువైపు ఎవరి ముఖమూ ఉండకూడదు, మీది కూడా. గురి కాగితపు గ్లాసుల మీద, గోడకు ఆనించిన ఇస్తరాకు మీద. పిల్లిమీద, ఉడుతమీద, కరెంటు తీగ మీద వాలే పాలపిట్ట మీద కాదు.

బాణం పైకి లేస్తుంటే నారి దాని అడుగున తాకుతోందన్నమాట. రెక్కల గుంజలు ముందుకో వెనక్కో వాలాయేమో చూడండి. దగ్గర్లోనే పడిపోతుంటే నారి బాణం మీదుగా పోతోంది, స్ట్రా సన్నది అయి ఉంటుంది. మీట లాగినా కొక్కెం పడకపోతే బుష్‌లు బిగుతయ్యాయి.

వేగం లెక్క

దూరాన్ని బట్టి వేగం చెప్పొచ్చు. గాడి నేల నుంచి 122 సెం.మీ. ఎత్తులో ఉండేలా బల్ల మీద పుస్తకాలు పేర్చి, క్రాస్‌బోను సమతలంగా పెట్టి కొట్టండి. ఆ ఎత్తు నుంచి ఏ వస్తువైనా నేలకు రావడానికి దాదాపు అర సెకను పడుతుంది. కాబట్టి బాణం ఎన్ని మీటర్ల దూరంలో నేలకు తాకిందో దానికి రెట్టింపే సెకనుకు దాని వేగం. 4 మీటర్ల దూరంలో పడితే సెకనుకు 8 మీటర్లు, అంటే గంటకు 29 కిలోమీటర్లు. గాలి ఆపే మాట ఇందులో లేదు కనుక అసలు వేగం కాస్త ఎక్కువే ఉంటుంది.

ఇక పిల్లలు తప్పకుండా అడిగేది, "ఇంకో రబ్బరు వేద్దామా?" అని. తొమ్మిదో తరగతి పాఠంలోని గతిశక్తి సూత్రం ముందు పెట్టండి. ఒక గ్రాము బాణం 8 మీటర్ల వేగంతో పోతే శక్తి 0.032 జౌళ్లు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు, 0.128. గాజుగ్లాసుకూ కంటికీ ఆ తేడా బాగా తెలుస్తుంది. పైగా ఎక్కువ గుంజుడుకు 12 ఇరుసులు వంగడం మొదలై గురి చెడుతుంది. నా మాట అడిగితే రెండో రబ్బరు వద్దు. ఆ ఉత్సాహం బాణం బరువు మార్చి చూడటం మీద పెట్టండి. స్పాంజిని కొంచెం కత్తిరించి మళ్లీ దూరం కొలవండి, కథ తేలిపోతుంది.

ఎండకు రబ్బరు, ప్లాస్టిక్

రబ్బరును చటుక్కున సాగదీసి పెదవికి ఆనించండి, వెచ్చగా తగులుతుంది. సాగి ఉన్న రబ్బరును వేడి చేస్తే ముడుచుకోవాలని చూస్తుంది. అందుకని మే నెలలో మొదటి దెబ్బలు కొంచెం చురుగ్గా పోయినా ఆశ్చర్యం లేదు. కానీ ఎండ, గాలి కలిసి దాన్ని కొద్దిరోజుల్లో పెళుసు చేస్తాయి. ఆట అయిపోయాక నారి కొక్కెం మీద వదిలేయకండి. 3 ఇరుసు గుండీలు తీసేసి రబ్బర్లను చీకట్లో, చల్లటి డబ్బాలో పెట్టండి. ఎక్కించి వదిలేసిన రబ్బరు సాగిపోయి, తర్వాత అంత దూరం పంపదు.

ముక్కలు మట్టిపట్టి మీట గరగరమంటే సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. లెగో కంపెనీ 40 డిగ్రీలకు మించిన నీళ్లు వాడొద్దంటుంది. మన దగ్గర ఏప్రిల్ దాటాక మేడ మీది సింటెక్స్ ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి ఆ లెక్క దాటినా దాటుతాయి. నల్లా నీళ్లు కాకుండా కుండలో చల్లబడ్డ నీళ్లు బకెట్లో పోసుకుని కడగండి.